తెరమీద తెలుగు అక్షరానికి యెన్ని గళ్ళు?

— బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

పోయిన వానాకాలం పంట లెక్కలు మా యింట్లో కొద్దిలో తగవు తెచ్చిపెట్టేవి. ఆ సంగతి చెబితే గాని యీ వ్యాసం యెందుకు వ్రాస్తున్నానో పాఠకులకు బోధపడదు.

మా బాపూ, చిన్నాయనా కలిసి సేద్యం చేస్తారు. పత్తి యెక్కువ, కొంచెం వరి. ఖర్చు చెరిసగం. లెక్క వ్రాసేవాణ్ణి నేను. బాపు ఫోనులో చెబుతాడు. నేను చిలకలగూడలో నా గదిలో కూర్చుని కంప్యూటర్లోకి యెక్కిస్తాను. ఆదివారంనాడు తెరను ఫోటో తీసి యిద్దరికీ వాట్సాప్‌లో పంపుతాను. వాళ్ళకు ఇంగ్లీషు రాదు గనుక పద్దుల పేర్లన్నీ తెలుగులోనే వుండాలి. అందుకోసం పైథాన్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాం వ్రాసుకొన్నాను. ఒక వారం బాపు పత్తి యేరిన కూలి 14500 అని చెప్పాడు. మరునాడు మళ్ళీ ఫోను చేసి, "అందుట్ల ఐదువేలు పోయినేటి బాకీరా, అది తీసెయ్" అన్నాడు. నేను 9500 అని దిద్ది, ఫోటో తీసి పంపేశాను. సరిగ్గా చూడలేదు, అది నా తప్పే. తెరమీద పడింది 19500.

చిన్నాయన రెండు రోజులు యేమీ అనలేదట. మూడోనాడు పొద్దున్నే వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "అన్నా, కూలి పందొమ్మిది వేలు దాటిందా?" అని అడిగాడట. ముప్ఫై యేళ్ళుగా కలిసి దున్నుకొంటున్నవాళ్ళు. బాపుకు ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక కోపమొచ్చింది. అమ్మ నాకు ఫోను చేసింది. నేను ఫైలు తెరిచి చూస్తే అందులో సరిగ్గా 9500 అనే వుంది. అనగా లెక్క తప్పలేదు, తెర అబద్ధం చెప్పింది! ఫైలు చదివి వినిపించి యిద్దరికీ నచ్చజెప్పాను. అంతా విన్నాక బాపు అన్న మాట యిది: "సాలు వంకర వోయింది బిడ్డా. అచ్చు సక్కగ తోలలే నువ్వు."

బాపు కంప్యూటరు యెరుగడు గాని ఆ మాట నూటికి నూరుపాళ్ళు నిజమని నాకు తరువాత మూడు నెలలకు గాని తెలియలేదు. పత్తి పెట్టేవాళ్ళు ముందు చేనులో నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి అచ్చు తోలుతారు. రెండు గీతలూ కలిసిన చోటల్లా గింజ పెడతారు. అప్పుడు యెటు చూసినా సాళ్ళు తిన్నగా వుంటాయి, గుంటుక యెటైనా పోతుంది. కంప్యూటరు టెర్మినల్ తెర కూడా అచ్చు తోలిన చేనే. వరుసలూ, నిలువు సాళ్ళూ, ప్రతి గడిలో ఒక్కొక్క అక్షరం. చిక్కల్లా యెక్కడంటే, ఆ అచ్చు తోలినవాళ్ళు ఇంగ్లీషు గింజ కొలత చూసి తోలారు.

టెర్మినల్ అనగానే మన సికిందరాబాదు వాళ్ళకు చర్లపల్లి రైల్వే టెర్మినల్ గుర్తుకు రావచ్చు. నేను చెప్పేది అది కాదు గాని, రైళ్ళతో దీనికి సంబంధం లేకపోలేదు. పూర్వం కంప్యూటరు ఒక గదంత వుండేది. దానితో మాట్లాడటానికి తీగె చివర ఒక యంత్రం పెట్టేవారు. చివర వుండేది గనుక టెర్మినల్. మొదట్లో అది తెర కూడా కాదు, కాగితం మీద టకటక కొట్టే టెలిటైపు. 1963లో వచ్చిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకు పది అక్షరాలు కొట్టేది, వరుసకు 72. యూనిక్స్‌లో ఆదేశాల పేర్లు 'ఎల్ఎస్', 'సీపీ' అని పొట్టిగా వుండటానికి ఆ నత్తనడక కూడా ఒక కారణమంటారు. లైనక్స్‌లో యిప్పటికీ 'టీటీవై' అనే మాట కనబడుతుంది. అది టెలిటైపుకు మిగిలిన సమాధిరాయి.

తరువాత గాజు తెరలు వచ్చాయి. వాటిలో అందరికీ ప్రమాణమై కూర్చున్నది డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్, అనగా 'డెక్' కంపెనీ, 1978లో తెచ్చిన వీటీ-100. వరుసకు 80 గళ్ళు, 24 వరుసలు, మొత్తం 1920 గళ్ళు. 80 యెక్కడిదంటే, 1928 నాటి ఐబీఎం చిల్లుల కార్డుకు 80 నిలువు సాళ్ళు వుండేవి. ఆ లెక్కే యిలా దిగివచ్చింది. అక్షరం కాక ఆజ్ఞ పంపాలంటే ముందు 'ఎస్కేప్' అనే సంకేతం, 27వ నంబరుది, పంపాలి. దాని వెంట ఒక చదరపు బ్రాకెట్టు, 31 అంకె, చిన్న 'ఎం' పంపితే తరువాతి అక్షరాలు యెర్రగా పడతాయి. యిలాగే కర్సరును ఫలానా వరుస, ఫలానా గడికి తీసుకుపొమ్మనే ఆజ్ఞ, వరుస చివరిదాకా తుడిచెయ్యమనే ఆజ్ఞ వున్నాయి. యీ రెండింటినీ పాఠకులు గుర్తుంచుకోవాలి. మా యింటి తగవంతా వీటి దగ్గరే వుంది.

మన వూరి సంగతి ఒకటి. రైల్వే రిజర్వేషన్లకు దేశంలో మొదట యేర్పడిన ఐదు పెద్ద కంప్యూటరు కేంద్రాల్లో సికిందరాబాదు ఒకటి. 'కన్సర్ట్' అనే రిజర్వేషన్ ప్రోగ్రాంను మొట్టమొదట 1994లో నడిపింది యిక్కడే. అది నడిచింది డెక్ కంపెనీ యంత్రాల మీద. కౌంటరులో గుమాస్తా ముందు తెర, గళ్ళలో అక్షరాలు, యెక్కడో మరో గదిలో అసలు కంప్యూటరు. మనలో చాలామంది తల్లిదండ్రులు పండక్కి వూరికి పోవడానికి ఆ తెరల ముందు వరుసలో నిలబడ్డవాళ్ళే.

1998లో డెక్ కంపెనీని కాంపాక్ కొనేసింది. వీటీ-100 యిప్పుడు మ్యూజియం వస్తువు. కాని దాని వేషం మాత్రం పోలేదు. ఆ యంత్రంలాగా నటించే ప్రోగ్రాంనే టెర్మినల్ ఎమ్యులేటర్ అంటారు. పగటివేషగాడు తహసీల్దారు కాకపోయినా తహసీల్దారులా మాట్లాడి నమ్మిస్తాడే, అలాగే యిది ఒక కిటికీలో కూర్చుని అవతలి ప్రోగ్రాంలకు "నేను వీటీ-100నే" అని నమ్మిస్తుంది. 1984లో పుట్టిన 'ఎక్స్‌టెర్మ్' యిప్పటికీ బ్రతికే వుంది. 1996 నుంచి థామస్ డికీ అనే ఆయన దాన్ని సాకుతున్నారు. సైమన్ టాథమ్ వ్రాసిన 'పుట్టీ' మన ల్యాబుల్లో చూసే వుంటారు. కాలిబర్ అనే యీ-పుస్తకాల ప్రోగ్రాం వ్రాసిన కోవిద్ గోయల్ 'కిట్టీ' వ్రాశారు. 'అలక్రిటీ', 'వెజ్‌టెర్మ్' రస్ట్ భాషలో వ్రాసినవి, లైనక్స్, విండోస్, మాక్ మూడింటి మీదా నడుస్తాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ళ విండోస్ టెర్మినల్ కూడా 2019 నుంచి బహిరంగ సోర్సే.

ఓపెన్ సోర్సు అనే మాట మా వూళ్ళో యిలా చెబితే తేలిగ్గా యెక్కుతుంది. బీటీ పత్తి విత్తనం యేటేటా ప్యాకెట్టు కొనాల్సిందే, లోపల యేముందో మనకు తెలియదు. వరి విత్తనం అలా కాదు, పండిన దాంట్లోంచి మంచిది తీసి గాదెలో దాచుకొంటాం, పక్కవాడికి రెండు కుంచాలు యిస్తాం, బాగా రాకపోతే యెందుకు రాలేదో మనమే చూసుకొంటాం. యిక్కడ సోర్సు కోడే ఆ విత్తనం.

యిక అసలు విషయానికి వస్తాను.

తెలుగు అక్షరం కంప్యూటరులో యెలా వుంటుంది? యూనికోడ్ అనే ప్రమాణంలో తెలుగుకు 128 గదులు కేటాయించారు. హల్లు ఒక సంకేతం, గుణింతపు గుర్తు మరొకటి, పొల్లు మరొకటి. 'స్త్రీ' అనే మాట తీసుకోండి. మనం చూసేది ఒకే అక్షరం. లోపల అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఫైలులో దాచినప్పుడు ఒక్కో సంకేతానికి మూడు బైట్ల చొప్పున 18 బైట్లు. మరి తెరమీద యెన్ని గళ్ళు?

దీనికి లెక్క చెప్పే ఒక ఫంక్షన్ వుంది, పేరు డబ్ల్యూసీవిడ్త్. సంకేతం యిస్తే 'సున్నా గళ్ళు', 'ఒక గడి', 'రెండు గళ్ళు' అని చెబుతుంది. చైనా, జపాను అక్షరాలకు రెండు. కేంబ్రిడ్జికి చెందిన మార్కస్ కూన్ వ్రాసి అందరికీ ఉచితంగా యిచ్చిన దాన్నే చాలామంది వాడుకొన్నారు. ఆయన పద్ధతి యేమంటే, యూనికోడ్‌లో 'చోటు ఆక్రమించని గుర్తు' అని వర్గీకరించినవాటికి సున్నా, తక్కినవాటికి ఒకటి. తెలుగులో యీ వర్గీకరణ చూసి నేను ఆశ్చర్యపోయాను. గుడి, గుడిదీర్ఘం, ఎత్వం, ఏత్వం, ఐత్వం, ఒత్వం, ఓత్వం, పొల్లు, ఆఖరికి తలకట్టు దీర్ఘం కూడా చోటు ఆక్రమించనివే. కొమ్ము, కొమ్ముదీర్ఘం, వట్రసుడి, సున్న, విసర్గ మాత్రం చోటు ఆక్రమించేవి. కాబట్టి 'పిలి' రెండు గళ్ళు, 'పులు' నాలుగు గళ్ళు! చేత్తో వ్రాస్తే రెండింటికీ పట్టే చోటు యెంత తేడా? 'నా'లోని దీర్ఘం తోక బారుగా సాగుతుంది, దానికి సున్నా. ఒత్తు హల్లు కింద కూర్చుంటుంది, పక్కన చోటే అడగదు, కాని లోపల అది మామూలు హల్లే గనుక దానికి ఒక గడి. 'స్త్రీ'కి ఆ లెక్కన మూడు గళ్ళు.

ఆరు సంకేతాలు, మూడు గళ్ళు, ఒక అక్షరం. వీటిలో యేది పొడవు? నా ప్రోగ్రాం చేసిన పాపం యేమంటే, పైథాన్‌ను పొడవు అడిగింది. పైథాన్ సంకేతాలు లెక్కపెట్టి చెప్పింది. ప్రతి పేరుకూ 12 చోట్లు వచ్చేలా ఖాళీలు నింపి, ఆ తరువాత రొక్కం పడేలా వ్రాశాను. నా నాలుగు పద్దులు చూడండి.

దుక్కి: 6 సంకేతాలు, 6 ఖాళీలు. తెరమీద పేరుకు 4 గళ్ళు. మొత్తం 10.
విత్తనాలు: 9 సంకేతాలు, 3 ఖాళీలు. తెరమీద పేరుకు 6 గళ్ళు. మొత్తం 9.
ఎరువు: 5 సంకేతాలు, 7 ఖాళీలు. తెరమీద పేరుకు 5 గళ్ళు. మొత్తం 12.
కూలీ: 4 సంకేతాలు, 8 ఖాళీలు. తెరమీద పేరుకు 3 గళ్ళు. మొత్తం 11.

నాలుగింటిలో యే రెండూ ఒక సాలులో లేవు. యిదీ బాపు చూసిన వంకర. మొదటిసారి వరుస వేసినప్పుడు కూలీ రొక్కం 12వ గడి దగ్గర మొదలైంది: 1, 4, 5, 0, 0. దిద్దినప్పుడు నా ప్రోగ్రాం వరుసంతా మళ్ళీ వెయ్యలేదు, తెలివికి పోయి "కర్సరును 13వ గడికి తీసుకుపో" అని ఆజ్ఞ యిచ్చి అక్కడ 9500 కొట్టింది. 12వ గడిలోని పాత 1 అలాగే నిలబడిపోయింది. దాని పక్కన 9500. చిన్నాయన చదివింది 19500.

మొదట నేను తిట్టుకొన్నది టెర్మినల్‌ను. తీరా చూస్తే టెర్మినల్ తన లెక్క ప్రకారం తాను చేసింది, ప్రోగ్రాం తన లెక్క ప్రకారం తాను చేసింది. యిద్దరి కుంచాలూ వేరు. నా పక్షం దిద్దుకోవడం సులువే అయింది. సంకేతాలు కాక గళ్ళు లెక్కపెట్టే లైబ్రరీ పైథాన్‌కు వుంది, అది పెట్టాను. దిద్దినప్పుడల్లా వరుస మొదటినుంచీ తుడిచి మళ్ళీ వేయించాను. పది వరుసల పని. యిది మీలో యెవరైనా చెయ్యవచ్చు, తెలుగు అక్కర్లేని ప్రోగ్రాంలో కూడా చెయ్యడం మంచిది.

అయినా తెర చూస్తే మనసొప్పలేదు. సాళ్ళు తిన్నగా వచ్చాయి గాని అక్షరాలు మనవిలా లేవు. 'దుక్కి'లో క ఒత్తు కిందికి దిగకుండా, పొల్లుతో ఒక క, గుడితో మరో క పక్కపక్కన పడ్డాయి. బాపు చదవగలడు, కాని కూడబలుక్కొని. కారణం వెదకడానికి నేను వాడే టెర్మినల్ సోర్సు దించుకొన్నాను. (దాని పేరు చెప్పను. యీ లోపం చాలావాటిలో వుంది, ఒకదాన్ని వేలెత్తి చూపడం న్యాయం కాదు.) అది ప్రతి గడిని విడివిడిగా గీస్తుంది. తెలుగు అక్షరాన్ని అలా గీయడం కుదరదు. క, పొల్లు, క, గుడి అన్నీ కలిపి ఒక గుంపుగా 'హార్ఫ్‌బజ్' వంటి లైబ్రరీకి యివ్వాలి. అది ఫాంటులోని నియమాలు చూసి యే రూపం యెక్కడ కూర్చోవాలో చెబుతుంది. హార్ఫ్‌బజ్ కూడా ఓపెన్ సోర్సే. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ ఫోన్లు దాన్నే వాడుతున్నాయి. మన చేతి ఫోనులో ఒత్తులు సరిగ్గా పడుతున్నది దాని చలవే.

యీ పని యెంత సున్నితమో తెలియాలంటే 2018 ఫిబ్రవరిలో జరిగింది తలచుకోవాలి. 'జ్ఞా'లో కంటికి కనబడని ఒక సంకేతం చేరిన సందేశం వస్తే చాలు, ఆపిల్ ఫోన్లలో ప్రోగ్రాంలు కుప్పకూలాయి. ప్రపంచమంతా ఆ వారం తెలుగు గురించి మాట్లాడింది. కంపెనీ కొద్దిరోజుల్లోనే సవరణ విడుదల చేసింది. మన అక్షరం తప్పేమీ లేదు, దాన్ని గీసే కోడును తెలుగుతో చాలినంత పరీక్షించలేదు, అంతే.

టెర్మినల్‌లో తెలుగు లేకపోతే యేం చేసేవారో కూడా చెప్పుకోవాలి. అమెరికాలో హ్యూస్టన్ నగరంలోని రైస్ విశ్వవిద్యాలయంలో మన తెలుగు విద్యార్థులు కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ కలిసి ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు వ్రాసే పద్ధతి యేర్పరచారు. దాన్నే ఆర్‌టీఎస్ అన్నారు. పెద్ద 'ఎన్' కొడితే ణ, పెద్ద 'ఎల్' కొడితే ళ. 1990ల దశకంలో విదేశాల్లోని తెలుగువాళ్ళు కబుర్లూ, పద్యాలూ యీ వేషంలోనే చెప్పుకొన్నారు. యిప్పుడు మనం కీబోర్డు మీద తెలుగు టైపు చేసే పద్ధతుల్లో దాని పోలిక కనబడుతుంది. నాకు వాళ్ళంటే గౌరవం. తెర తమ లిపిని మోయలేదని వ్రాయడం మానెయ్యలేదు వాళ్ళు.

సరే, గుంపుగా గీయించాలని నేను ఒక సవరణ వ్రాశాను. మొదటి వారం నా లైనక్స్ లాప్‌టాప్‌లో 'దుక్కి' చక్కగా పడింది. సంబరపడి గదిలో మిత్రుడి విండోస్ మీద పెట్టి చూస్తే మళ్ళీ మొదటికొచ్చింది. మూడు వ్యవస్థల మీద నడిచే ప్రోగ్రాం అంటే యేమిటో అప్పుడు తెలిసింది. యూనిక్స్ జాతి వ్యవస్థల్లో టెర్మినల్‌కూ ప్రోగ్రాంకూ నడుమ దొంగ టెలిటైపు ఒకటి వుంటుంది, అది యిటు బైట్లు అటు చేర్చి వూరుకొంటుంది. విండోస్‌లో 2018 నుంచి 'కాన్‌పీటీవై' అనే మధ్యవర్తి వున్నాడు. అతను చాలాకాలం వచ్చినదాన్ని వచ్చినట్టు అందించేవాడు కాదు. తన దగ్గర ఒక గళ్ళ పట్టిక పెట్టుకొని, గళ్ళ లెక్క తానూ వేసి, మళ్ళీ తన మాటల్లో చెప్పేవాడు. అనగా ప్రోగ్రాం ఒక కుంచం, మధ్యవర్తి ఒక కుంచం, టెర్మినల్ ఒక కుంచం. 2024 నుంచి మైక్రోసాఫ్ట్ వాళ్ళు యిక్కడ చాలా బాగుచేశారు, గుంపుల లెక్కా తెచ్చారు. మిత్రుడి కంప్యూటరులో వున్నది పాతది. ఫాంట్ల సంగతి మరొకటి. యెంచుకొన్న ఫాంటులో తెలుగు లేకపోతే దేన్ని తెచ్చి గీయాలనేది మూడు వ్యవస్థల్లోనూ మూడు రకాలు. ఒక్క సవరణకు మూడు పొలాలు తడపాలి.

వేగం, గ్రాఫిక్స్ కార్డుతో గీయించడం వంటి విషయాల మీద యీ ప్రాజెక్టుల వాళ్ళకు మహా మోజు. సెకనులో వెయ్యోవంతు కోసం పోట్లాడుకొంటారు. అది తప్పనను. కాని అక్షరం తప్పుగా పడ్డాక యెంత వేగంగా పడితే యేం లాభం?

సవరణతోపాటు ఒక నివేదిక పంపాను. సలహా అడిగినప్పుడు మా లెక్చరరుగారు ఒకే మాట చెప్పారు: "ఫిర్యాదు వ్రాయకు, ప్రయోగం రికార్డు వ్రాసినట్టు వ్రాయి." అలాగే చేశాను. యే వ్యవస్థ, యే ఫాంటు, యే పదం కొట్టాను, యేమి పడాలి, యేమి పడింది, రెండింటి ఫోటోలు. నాలుగు రోజులకు నిర్వాహకుడి జవాబు వచ్చింది. ఆయన యే దేశమో నాకు తెలియదు. ధన్యవాదాలు చెప్పి, కోడులో రెండు తప్పులు చూపించి, చివర ఒక ప్రశ్న అడిగాడు. గుంపుగా గీస్తే సరే, మీ 'స్త్రీ'కి యెన్ని గళ్ళు యివ్వమంటారు?

నాకు జవాబు తోచలేదు. యిరవై యేళ్ళుగా యీ అక్షరాలు వ్రాస్తున్నాను, ఒక్కనాడూ యీ ప్రశ్న రాలేదు.

యెందుకు కష్టమో చెబుతాను. పాత లెక్క ప్రకారం మూడు గళ్ళిస్తే అక్షరం ఒకటిన్నర గడిలో సర్దుకొని పక్కన ఖాళీ సందు పడుతుంది. చదివేవాడు మాట అక్కడ ముగిసిందనుకొంటాడు. గుంపుకు ఒక గడి యిస్తే 'ర', 'గ' సుఖంగా కూర్చుంటాయి. 'ఘో', 'ఝా', 'యో' వంటివి పక్కవాడి గట్టు తొక్కుతాయి. రెండేసి యిస్తే 'ర' పెద్ద మడిలో ఒంటి మొక్కలా నిలబడుతుంది. ఫాంటులో అక్షరం అసలు వెడల్పు కొలిచి, దానికి తగ్గ గళ్ళు యివ్వవచ్చు గదా అంటారేమో. నేనూ అదే అన్నాను. కాని ఫాంటు టెర్మినల్ దగ్గర వుంది, లెక్క వేసే ప్రోగ్రాం దగ్గర లేదు. ఆ ప్రోగ్రాం వెయ్యి మైళ్ళ దూరంలో మరో కంప్యూటరులో నడుస్తూ వుండవచ్చు. యిద్దరికీ ముందే తెలిసిన నియమం కావాలి. యిది వెడల్పు మాటే. యెత్తు సంగతి వేరే, ఒత్తులు కిందికి దిగి కింది వరుస తలకట్లకు తగులుతాయి. వరుసల నడుమ యెడం పెంచే వీలు చాలా టెర్మినళ్ళలో వుంది గనుక దానితో సర్దుకొంటున్నాం.

దారులు లేకపోలేదు. యూనికోడ్ వారు 2023లో, 15.1 సంచికలో, ఒక నియమం మార్చారు. అంతకుముందు వారి లెక్కన 'స్త్రీ' మూడు గుంపులు: స్, త్, రీ. కొత్త నియమంలో పొల్లుతో కలిసిన హల్లులన్నీ ఒకే గుంపు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒరియా, మలయాళాలతోపాటు తెలుగుకు కూడా. మన పలక మీద అక్షరమేదో, ప్రమాణం ప్రకారమూ అదే అక్షరం అయింది. దీనికి ముప్ఫై యేళ్ళు పట్టింది. టెర్మినల్ "నేను గుంపుల లెక్కే వేస్తాను" అని ప్రోగ్రాంకు తెలియజెప్పే 2027 అనే నంబరు ఆజ్ఞను కొన్ని కొత్త టెర్మినళ్ళు పాటిస్తున్నాయి. కిట్టీ 2025లో మరో పద్ధతి తెచ్చింది. అందులో ప్రోగ్రామే "యీ ముక్కకు యిన్ని గళ్ళు" అని చెప్పేస్తుంది, టెర్మినల్ వినుకొంటుంది. యిద్దరూ కొలవడం కంటె ఒకడే కొలిచి చెప్పడం మా సంతలో కూడా వున్న పద్ధతే. నాకిది అన్నిటికంటె నచ్చింది. కాని తక్కిన టెర్మినళ్ళన్నీ ఒప్పుకోవాలి.

ఒక సంగతి చూసి నాకు నవ్వూ వచ్చింది, కొంచెం బాధా కలిగింది. యీ గుంపుల లెక్క టెర్మినళ్ళలోకి యింత వేగంగా రావడానికి అసలు కారణం మన భాషలు కావు, ఎమోజీలు. తల్లీ తండ్రీ పిల్లలూ వున్న కుటుంబం బొమ్మ అనేక సంకేతాలు కలిసి ఒక బొమ్మ అవుతుంది. అది ముక్కలుగా పడుతున్నదని ఫిర్యాదులు వెల్లువెత్తాక నిర్వాహకులు కదిలారు. కోట్లమంది వ్రాసే లిపి కోసం యెందుకు కదల్లేదంటే, మనం ఫిర్యాదు చెయ్యలేదు. హైదరాబాదులో 2005 నుంచి 'స్వేచ్ఛ' వంటి సంస్థల కార్యకర్తలు కంప్యూటరు మెనూలనూ, సందేశాలనూ తెలుగులోకి తెచ్చారు, అది చిన్న పని కాదు. కాని టెర్మినల్ జోలికి మనవాళ్ళు అరుదుగా పోతారు. ప్రోగ్రాం వ్రాసేవాడికి ఇంగ్లీషు వచ్చే వుంటుందని మనమే అనేసుకొంటాం. నేనూ అలాగే అనుకొనేవాణ్ణి. తెర చదివేవాడు మా చిన్నాయన కావచ్చునని తోచలేదు.

మరొక భ్రమ కూడా వదిలించుకోవాలి. కిటికీ లేకుండా కంప్యూటరు మొదలయ్యేటప్పుడు కనబడే లైనక్స్ నల్లతెరలో తెలుగు తేవాలని మొదట తలపెట్టాను. దాని ఫాంటులో 512 రూపాలకు మించి పట్టవు. మన హల్లులూ, గుణింతాలూ, ఒత్తులూ కలిపి లెక్క వేసుకొని ఆ రాత్రే విరమించాను.

నిర్వాహకుడి ప్రశ్నకు జవాబుగా ప్రస్తుతం ఒక పట్టిక తయారుచేస్తున్నాను. తెలుగు అక్షరాల్లో సన్ననివీ, వెడల్పువీ, ఒత్తున్నవీ, రెండొత్తులున్నవీ తీసుకొని, పోతన, లోహిత్ తెలుగు, గౌతమి ఫాంట్లలో ఒక్కొక్కటి గడిలో యెంత వంతు ఆక్రమిస్తుందో కొలుస్తున్నాను. హల్లుకు ఒకటి, వెడల్పు గుణింతం వుంటే రెండు, ఒత్తుకు సున్నా అనే నియమం చాలా అక్షరాలకు సరిపోయేట్టే కనబడుతున్నది. 'ఘ', 'ఝ' మాత్రం మొండికేస్తున్నాయి. సవరణ యింకా వాళ్ళ పరిశీలనలోనే వుంది, మూడుసార్లు వెనక్కి వచ్చింది. మూడోసారి వచ్చిన తప్పు కన్నడ అక్షరాలకు సంబంధించినది. నా తెలుగు బాగుచెయ్యబోయి వాళ్ళది పాడుచేశాను.

అందుకని మన కాలేజీలో కన్నడం, మరాఠీ, తమిళం యింటిభాషగా వున్న మిత్రులు సాయంత్రాలు నాలుగు దాటాక కంప్యూటర్ ల్యాబులో మూడో వరుసకు వస్తే ఒక పావుగంట పని వుంటుంది. మీ భాషలో పది మాటలు కొట్టి, తెరమీద పడినది సరిగ్గా వుందో లేదో చెబితే చాలు. ఉర్దూ మిత్రుడు ఒకరు యిప్పటికే వచ్చి, కుడినుంచి యెడమకు వ్రాసే లిపి కష్టాలు చెప్పి, నా కష్టం యేపాటిదో తెలియజేసి వెళ్ళాడు.

యాసంగి లెక్కలు మొదలయ్యాయి. ఫోటో పంపే ముందు రొక్కాలన్నీ ఫైలుతో సరిచూసుకొంటున్నాను. మొన్న చిన్నాయన ఫోను చేసి, దుక్కి అని యిప్పుడు సరిగ్గా పడుతున్నదనీ, విత్తనాలులో త ఒత్తు మాత్రం కింది వరుసలోని ఎరువుకు తగులుతున్నదనీ చెప్పాడు. చూశాను, నిజమే.